లస్నీగో దిగువ ఎడమ మలుపు

ఫేర్మో గాల్బుసెరాకు బతుకు మొత్తం మీద గొప్పగా పట్టుబడిన విద్య ఒక్కటే. వెనక చక్రాలతో నడిచే బండిని మలుపులో అడ్డంగా జారనిచ్చి, అది చెయ్యి దాటిపోయే లోపల మళ్ళీ దారిలోకి తెచ్చుకోవడం. ముప్పయ్యో ఏట కొండదారి పందేల్లో బండి నడిపాడు. రెండుసార్లు గెలిచాడు, ఒకసారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు అతుక్కుంది గానీ పందేలవాళ్ళు మళ్ళీ పిలవలేదు. కాంతూలో సోఫాలూ బీరువాలూ చేయించి దేశదేశాలకు పంపే ఒరేస్తె కోల్జానీ దగ్గర డ్రైవరుగా చేరాడు.

కోల్జానీకి ప్రభుత్వం కావలియేరె అని బిరుదు ఇచ్చింది. అప్పటినుంచీ కట్టుకున్న భార్యతో సహా అందరూ ఆయన్ని కావలియేరె అనే పిలిచేవారు. ఫ్యాక్టరీ కింద కాంతూలో, ఇల్లు పైన మాగ్రెలియో కొండమీద. పొద్దున దిగడం, సాయంత్రం ఎక్కడం. మధ్యలో ఎక్కడ రాయి పైకి తేలి ఉంటుందో, ఏ ఇంటి చూరు నీళ్ళు రోడ్డు మీదికి కారతాయో ఫేర్మోకు కంఠతా వచ్చు.

బండి మిలానులో తయారైంది, నాలుగు తలుపులది, ముదురు నీలం. ఇంజను ముందు ఉంటే గేరుపెట్టె వెనక ఉండేది. కావడికి రెండు బుట్టలూ సమంగా తూగినట్టు ముందూ వెనకా బరువు సరిపోయేది. వెనక బ్రేకు డిస్కులు కూడా చక్రాల దగ్గర కాక గేరుపెట్టెను ఆనుకుని బండి కడుపులో ఉండేవి. వాటికి ఏదైనా చెయ్యాలంటే బండి కింద వెల్లకిలా పడుకుని సగం రోజు పెనుగులాడాలని మెకానిక్కులు తిట్టుకునేవారు. ఫేర్మో మాత్రం ఆ బండిని ఒక్క మాట పడనిచ్చేవాడు కాదు.

"కొన్ని బండ్లు చెప్పాపెట్టకుండా జారతాయి. ఇది చెప్పి మరీ జారుతుంది," అనేవాడు. "నడుం దగ్గర చిన్నగా తెలుస్తుంది. అప్పుడిక బ్రేకు జోలికి పోకూడదు. తోక ఎటు పోతే స్టీరింగు అటు తిప్పి, యాక్సిలరేటరు మీద కాలు కాస్త ఆనించి ఉంచితే చాలు. తనే తిరిగొస్తుంది."

పంతొమ్మిదివందల డెబ్బై అయిదు వచ్చేసరికి ఆ చుట్టుపక్కల డబ్బున్నవాళ్ళను ఎత్తుకుపోవడం మామూలైపోయింది. కోల్జానీ ఒక కాపలా మనిషిని పెట్టుకున్నాడు. పేరు ఎఫీసియో. సార్దీనియా దీవి నుంచి వచ్చినవాడు, పదేళ్ళు పోలీసులో చేసి మానేసినవాడు, పొట్టిగా గట్టిగా ఉండేవాడు. స్టీరింగు ఎడమవైపున ఉండే ఆ బండిలో ముందు సీట్లో ఫేర్మోకు కుడిపక్కన, మడిచిన పేపరు కింద తుపాకీ పెట్టుకుని కూర్చునేవాడు. తుపాకులకు బెదరడు గానీ మలుపులకు మాత్రం వణికేవాడు.

మొదటిరోజు మూడో మలుపులోనే అడిగాడు. "మేస్త్రీ, ఈ బండికి బ్రేకంటూ ఒకటుందా?"

"ఉంది. అవసరమైతే తొక్కుతాను."

"నాకు అవసరమైంది."

"కళ్ళు మూసుకో, ఏమీ తెలీదు."

"నేను కళ్ళు మూసుకుంటే కాపలా ఎవడు కాస్తాడయ్యా, మీ బాబా?"

వెనక సీట్లో కావలియేరె పేపరు చాటున నవ్వుకున్నాడు.

ఇద్దరికీ అలా జత కుదిరింది. ఫేర్మోకు పెళ్ళి కాలేదు, అస్సోలో అక్క ఎర్సీలియాతో ఉండేవాడు. ఆదివారాలు సెరేన్యోలో ఎఫీసియో వాటాకు భోజనానికి వెళ్ళడం అలవాటైంది. ఎఫీసియో భార్య బొనారియా లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. దీవి నుంచి పుట్టింటివాళ్ళు పంపిన అప్పడంలాంటి రొట్టెలు, గొర్రెపాల జున్ను బల్లమీద పెట్టి, నడుంమీద చేతులు వేసుకుని అడిగేది.

"మా ఆయన ఈమధ్య మెట్లు కూడా గోడ పట్టుకుని ఎక్కుతున్నాడు. ఏం చేస్తున్నావు ఫేర్మో, మా ఆయన్ని?"

"కొండ దింపుతున్నానమ్మా, అంతే."

"దింపడం కాదు, పారబోస్తున్నాడు," అనేవాడు ఎఫీసియో నోటినిండా రొట్టెతో.

డెబ్బై ఏడు వసంతంలో కోల్జానీకి చెక్క పలకలు అమ్మే వ్యాపారి ఒకాయన, ఎత్తుకుపోయినవాళ్ళు వదిలేస్తే తిరిగొచ్చాడు. ఐదు నెలలు ఎక్కడో కొండల్లో, గుడారంలో, గొలుసు వేసి ఉంచారట. మనిషైతే వచ్చాడు గానీ, తలుపు చప్పుడైతే బల్ల కిందికి దూరుతున్నాడని చెప్పుకున్నారు. ఆయన్ని పలకరించి వచ్చిన రోజునుంచి కావలియేరె భార్య లూయిజెల్లా అమ్మగారికి కంటిమీద కునుకు లేదు. బండికి ఉక్కు రేకులు వేయించేదాకా ఇంట్లో ఎవరినీ బతకనివ్వలేదు.

సరోన్నో అవతల బోర్డు లేని షెడ్డు ఒకటుంది. యజమాని పోలిడోరో ఆ పని గుట్టుగా చేసిపెట్టేవాడు. బరువు పెరిగినట్టు బండి కాగితాల్లో రాయించలేదు. రాయిస్తే గుమాస్తాకు తెలుస్తుంది, గుమాస్తాకు తెలిస్తే ఇంకెవరికి తెలుస్తుందోనని కావలియేరె భయం. మూడు వారాల తర్వాత ఫేర్మో బండి తెచ్చుకోవడానికి వెళ్ళాడు. తలుపు తెరవడానికే రెండు చేతులూ కావలసి వచ్చాయి.

"నాలుగువందల యాభై కిలోలు పెట్టాను. అద్దాలు రెండు వేళ్ళ మందం," అన్నాడు పోలిడోరో చేతులు తుడుచుకుంటూ. "ఏ గుండూ లోపలికి రాదు."

"బ్రేకులు?"

"ఏం బ్రేకులు?"

"ఈ బరువును ఆపే బ్రేకులు."

"వెనక పెద్ద డిస్కులు పట్టవు. గేరుపెట్టె పక్కన చోటెక్కడుంది? ఉన్నవాటికే గాలి తగలదు. నెమ్మదిగా నడుపుకో."

"వెంటపడి వచ్చేవాళ్ళకు కూడా నెమ్మదిగా రమ్మని చెప్పనా?"

పోలిడోరో భుజాలు ఎగరేశాడు. "అది నీ సంగతి. నాది రేకుల సంగతి."

అస్సో దాటి కొండెక్కేటప్పుడే ఫేర్మోకు విషయం తెలిసిపోయింది. మర్నాడు దిగేటప్పుడు ఇంకా బాగా తెలిసింది. సగం కొండ దిగేసరికి కాలిన వాసన వచ్చింది. డిస్కులు వేడెక్కి, బ్రేకు నూనె మరిగి, పెడలు తడి స్పాంజిని తొక్కినట్టు మెత్తగా లోపలికి పోతోంది. ఫ్యాక్టరీలో బండి ఆపాక టోపీ తీసి కావలియేరె ఎదుట నిలబడ్డాడు.

"ఇది ఆగదండీ. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తాను. వేగంగా పోవలసి వస్తే మాత్రం ఆగదు."

"ఒక్క కాలివేలితో ఆగుతుందని నాలుగేళ్ళుగా చెబుతున్నావుగా."

"అది వేరే బండండి."

"రంగు అదే, నంబరూ అదే," అని కావలియేరె నవ్వబోయి, ఫేర్మో ముఖం చూసి మానేశాడు. కాసేపు కిటికీలోంచి కలప ట్రక్కు దించుతున్న పనివాళ్ళను చూశాడు. "లూయిజెల్లా ఎన్నాళ్ళకో నిన్న రాత్రి నిద్రపోయింది ఫేర్మో. ఇప్పుడు పోయి రేకులు పీకించేస్తానని ఎలా చెప్పను? నువ్వు నెమ్మదిగా నడుపు. నిన్ను తొందరపెట్టేదెవరు?"

ఆ ఆదివారం ఫేర్మో, ఎఫీసియో ఇద్దరూ బండిని ఫ్యాక్టరీ వెనక ఖాళీ ఆవరణకు తీసుకుపోయారు. గొట్టంతో నేలంతా తడిపారు. ఎఫీసియో గోడ దగ్గర నిలబడ్డాడు. ఫేర్మో బండిని ఉరికించి, ఒక పక్కకు కోసి, యాక్సిలరేటరు మీంచి కాలు ఎత్తాడు. ఒకప్పుడైతే తోక మెల్లగా పక్కకు లేచేది. ఇప్పుడు ముందేమీ తెలియలేదు, ఆ తర్వాత మొత్తం బండి ఒక్కసారిగా జారిపోయింది. స్టీరింగు ఎంత తిప్పినా రాలేదు. పలకల దొంతరను గుద్దుకుని ఆగింది. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే.

దిగి బానెట్టు మీద కూర్చున్నాడు. "చెప్పడం మానేసింది," అన్నాడు.

"అయితే ఇకనుంచి అందరిలాగే నడుపుదువుగాని. నేరుగా పోతూ బ్రేకు తొక్కి, ఆ తర్వాత తిప్పడం. మా బావమరిది ట్రాక్టరు అలాగే నడుపుతాడు, ఇంకా బతికే ఉన్నాడు."

"మానేస్తానురా. రేపే చెప్పేస్తాను."

ఎఫీసియో కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. అతను వేళాకోళం మానేసి మాట్లాడటం అరుదు. "నువ్వు మానేస్తే ఇంకో డ్రైవరు వస్తాడు. వాడికి ఈ సంగతి కూడా తెలీదు. వాడి పక్కన కూర్చోవలసింది నేనే కదా. నేను మానేస్తే తినేదేమిటి? బొనారియా ఇస్త్రీ పెట్టె ఒక్కటే ఇంటిని మొయ్యదు."

ఫేర్మో మానలేదు. వేసవి అంతా మూడో గేరులో, ముసలమ్మ చర్చికి పోయినట్టు కొండ దించాడు. సైకిళ్ళవాళ్ళు దాటి పోయేవారు. ఎఫీసియో వాళ్ళకు చెయ్యి ఊపేవాడు. మలుపులంటే భయం పోయిందనీ, ఇప్పుడు నిద్ర వస్తోందనీ చెప్పేవాడు.

అక్టోబరు పదకొండు, మంగళవారం. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. రోడ్డంతా చెస్ట్‌నట్ ఆకులు అతుక్కుని ఉన్నాయి. కావలియేరె ఫేర్మో వెనక, ఎడమవైపు కూర్చుని ఉన్నాడు. బార్నీ దగ్గర పక్కసందులోంచి ఆకుపచ్చ చిన్న కారు ఒకటి వచ్చి వెనక చేరింది. ఫేర్మో నెమ్మదించి దారి ఇచ్చాడు. అది దాటలేదు, అదీ నెమ్మదించింది. లస్నీగో వచ్చినా వెనకే ఉంది.

"ఇద్దరు," అన్నాడు ఎఫీసియో అద్దంలో చూస్తూ. "టోపీలు కిందికి లాక్కున్నారు." పేపరు తీసి పక్కన పెట్టాడు.

కావలియేరె వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ ముందుకు తిరిగినప్పుడు ఆయన గొంతు ఆయనది కాదు. "పోనియ్ ఫేర్మో. పోనియ్, పోనియ్."

ఫేర్మో పోనిచ్చాడు. అతని చేతులూ కాళ్ళూ ఆ మాట కోసమే అయిదు నెలలుగా కాచుకుని ఉన్నట్టు వాటంతట అవే కదిలాయి. మొదటి నాలుగు మలుపులు బాగానే దాటాడు. అయిదోదాంట్లో వాసన వచ్చింది. ఆరోదాంట్లో పెడలు మెత్తబడింది. రెండుసార్లు పంపు కొట్టినట్టు కొట్టి, రెండో గేరుకు దించాడు. ఇంజను అరిచింది. తడి ఆకులమీద వెనక చక్రాలు కొద్దిగా పట్టు తప్పాయి.

ముందున్నది ఎడమ మలుపు. మలుపు అంచున నడుమెత్తు రాతిగోడ. దాని అవతల లోయ.

మలుపు తిరిగింది గానీ పూర్తిగా తిరగలేదు. బండి అడ్డంగా జారుకుంటూ పోయి కుడివైపంతా గోడకు కొట్టుకుంది. తుపాకీ గుండును ఆపడానికి పెట్టిన ఉక్కురేకు వంగలేదు, విరగలేదు. తలుపు తలుపంతా ఒకే ముక్కగా లోపలికి వచ్చింది.

ఫేర్మో దిగగలిగాడు. కావలియేరెకు నుదురు చిట్లింది. ఎఫీసియో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు, ఎడమచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి. ఫేర్మో లోపలికి వంగి ఆ చెయ్యి పట్టుకుని పిలిచాడు. చాలాసేపు పిలిచాడు.

ఆకుపచ్చ కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. ఇద్దరు ముసలివాళ్ళు దిగారు. ఒకాయన చేతిలో ఇంకా పుట్టగొడుగుల బుట్ట ఉంది. రోడ్డు జారుడుగా ఉందని, మీ వెనకే పోతే దారి తెలుస్తుందని వచ్చామని చెప్పాడాయన. ఎవరూ అడగలేదు, అయినా మళ్ళీ మళ్ళీ అదే చెప్పాడు. రెండో ఆయన తన కోటు విప్పి ఎఫీసియో మీద కప్పాడు.

విచారణ నవంబరులో జరిగింది. బ్రేకులు చాలవని తాను మే నెలలోనే చెప్పానన్నాడు ఫేర్మో. కావలియేరె కాదనలేదు.

"నిజమే. చెప్పాడు. అందుకే నెమ్మదిగా నడపమన్నాను."

"ఆ రోజు వేగంగా పొమ్మని మీరు చెప్పారా?"

కావలియేరె తన చేతులకేసి చూసుకున్నాడు. "నేను పేపరు చదువుకుంటున్నాను."

ఆకుపచ్చ కారు ముసలివాళ్ళకు వినబడింది ఇంజను చప్పుడొక్కటే. పోలిడోరో షెడ్డుకు అప్పటికే తాళం పడింది. బండి ఆగదని డ్రైవరుకు ముందే తెలుసు, తెలిసీ వేగంగా నడిపాడని తేల్చారు. బ్రేకుల గురించి ఫేర్మో చెప్పిన ప్రతి మాటా అతని మెడకే చుట్టుకుంది. లైసెన్సు తీసుకున్నారు. ఏడాది జైలు వేసి, మొదటి తప్పని దాన్ని అమలు చెయ్యకుండా ఆపి ఉంచారు. బయట మెట్లమీద కావలియేరె దగ్గరికి వచ్చి ఏదో అనబోయాడు. ఫేర్మో టోపీ పెట్టుకుని బస్సు కోసం వెళ్ళిపోయాడు.

క్రిస్మస్ లోపలే కోల్జానీ కుటుంబం స్విట్జర్లాండులోని లుగానోకు మకాం మార్చింది. ఫ్యాక్టరీలో ముందు రాత్రి షిఫ్టు పోయింది, ఈస్టరుకు మిగిలింది కూడా పోయింది. ఫేర్మో అప్పటికే అస్సోలో కోత మిల్లులో పలకలు పేర్చే పనికి కుదిరాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం బొనారియా వచ్చింది. ముందుగా కబురేమీ చెయ్యలేదు. నల్లబట్టలు, చేతిలో చిన్న పెట్టె. మర్నాడు జెనోవాలో ఓడ ఎక్కి దీవికి వెళ్ళిపోతోంది. ఎర్సీలియా కుర్చీ వేసి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

"ఒక్క మాట అడిగిపోదామని వచ్చాను," అంది బొనారియా. "చివరికి ఏమైనా అన్నాడా?"

"లేదమ్మా. వ్యవధి లేదు."

ఆమె తలూపింది. "అక్కడ కోర్టులో ఏదేదో రాశారు. నాకవి అర్థం కాలేదు. కావలియేరె అబద్ధం చెప్పాడని తెలుసు. పొమ్మన్నది ఆయనేనని నువ్వు చెప్పక్కర్లేదు, ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. ఆ మనిషి చెయ్యబట్టే మా ఆయన పోయాడు. అవునా?"

ఫేర్మో అవునంటే సరిపోయేది. అందులో సగం నిజం ఉంది కూడా. కానీ అయిదు నెలలుగా మిల్లులో, మంచంమీద, తిండి దగ్గర ఆ ఒక్క క్షణాన్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఎఫీసియో మనిషి ఒకరు ఎదురుగా కూర్చునేసరికి అది ఆగలేదు.

"ఆయన పొమ్మన్నాడు. అది నిజం. కానీ ఆ మలుపు దగ్గర..." రెండు చేతులూ బల్లమీద పెట్టి చూపించాడు. "వెనక చక్రాలు కొద్దిగా పట్టు తప్పాయి. కొద్దిగానే. సరిచేసుకుని నేరుగా పోనిస్తే ముందు భాగంతో గోడను గుద్దేవాళ్ళం. ముందు ఇంజనుంది, బారెడు బానెట్టుంది. నలిగేది అదే. కాళ్ళు విరిగేవి, నాకూ వాడికీ. అంతే అయ్యేది. నాకు ఆ క్షణాన తెలుసు ఆ సంగతి."

"మరి?"

"నేను తోకను ఇంకా కొంచెం విసిరాను. తిప్పగలననుకున్నాను. పాతబండి అయితే తిరిగేది. ఎడమ మలుపులో తోక విసిరితే గోడవైపు వచ్చేది కుడిపక్క. వాడు కూర్చున్న పక్క. అదీ తెలుసు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బొనారియా అతని చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

"కావాలని చెయ్యలేదు," అన్నాడు ఫేర్మో.

"తెలుసు." అంది బొనారియా. "ఇది నాకు చెప్పకుండా ఉండవలసింది. ఆ ముసలాడిమీద కోపం పెట్టుకుని బతికేదాన్ని. ఆయన ఎక్కడో దూరాన ఉన్నాడు, నాకేమీ కాడు. నువ్వు నా బల్ల దగ్గర కూర్చుని తిన్నవాడివి. ఇప్పుడు ఆ ఆదివారాలన్నీ ఏం చేసుకోను?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. పెట్టె తీసుకుని లేచింది. బస్సుకు ఇంకా గంట టైముంది, బయట మంచుగాలి కొడుతోంది, కూర్చోమని ఎర్సీలియా బతిమాలింది. బొనారియా వినలేదు. రోడ్డవతల చర్చి గోడ దగ్గర, వీధికుళాయి పక్కన పెట్టె కింద పెట్టి నిలబడింది.

కిటికీ దగ్గరికి వెళ్ళే ధైర్యం ఫేర్మోకు చాలలేదు. బల్ల దగ్గరే కూర్చుని బస్సు చప్పుడు కోసం వింటూ ఉన్నాడు. ఎర్సీలియా కప్పులో కాఫీ పోసుకుని బయటికి వెళ్ళింది. చాలాసేపటికి బస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. ఎర్సీలియా లోపలికి వచ్చి ఖాళీ కప్పు బల్లమీద పెట్టింది.

"తాగింది," అంది. "కుళాయి దగ్గర కడిగి మరీ ఇచ్చింది."